మొక్కను వంచకండి, నీళ్ళు పోయండి

"మొక్కై వంగనిది మానై వంగునా" అని మనవాళ్ళు ఒక సామెత చెబుతారు. నాలుగేళ్ళ బిడ్డను ఇంగ్లీషు నర్సరీలో వేసే ప్రతి ఇంట్లోనూ ఈ సామెత వినిపిస్తుంది. నేను అడిగేది ఒక్కటే. అసలు మొక్కను ఎందుకు వంచాలి? మా తాత మామిడితోట పెట్టినాడు. ఒక్క మొక్కనైనా ఆయన వంచగా నేను చూడలేదు. పాదు తీసినాడు, నీళ్ళు పోసినాడు, మేకలు రాకుండా కంచె కట్టినాడు. చెట్లు వాటంతట అవే పెరిగినాయి, కాయలు కాసినాయి.

ఒకటో తరగతి వయసు వచ్చేదాకా బిడ్డకు ఇల్లే బడి కావాలి అని నేనంటాను. ఆ బడిలో పాఠాలు మూడే: చేతితో చేసి చూడడం, బొమ్మలు వేయడం, కథల పుస్తకం వినడం. ఈ మూడూ మన తెలుగులో జరగాలి. ఎల్.కె.జి., యు.కె.జి. అనే పేర్లతో ఆ రెండేళ్ళను నోటుబుక్కుకు తాకట్టు పెట్టడం తప్పు.

మా ఇంట్లో ఇది ఇప్పుడు తేలాల్సిన విషయం. మా తమ్మునికి ఈ మార్చికి నాలుగేళ్ళు నిండుతాయి. జూన్‌లో వాణ్ణి హోసూరులో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో ఎల్.కె.జి.లో వేయాలని మా చిన్నాయన, మా మామ పట్టుబడుతున్నారు. అక్కడి ఫీజు, వ్యాను, యూనిఫారం, పుస్తకాలు అన్నీ కలిపితే మా నాయన మూడు నెలల జీతం. అమ్మ ఏమీ తేల్చలేదు. నాయన "చూద్దాం" అంటున్నాడు. ఆ "చూద్దాం" అనేది "సరే" అయ్యేలోపల నా మాట చెప్పాలని ఇది రాస్తున్నాను. ఈ పత్రిక చదివే ఇళ్ళలో ఇదే చర్చ నడుస్తున్నవి ఇంకా ఉంటాయని నాకు తెలుసు.

ఎల్.కె.జి.లో ఏం జరుగుతుందో మా పక్కింటి పాపను చూసి చెబుతాను. పాపకు నాలుగున్నరేళ్ళు. సాయంత్రం నాలుగు గంటలకు వ్యాను దిగుతుంది. ఐదు గంటలకు ట్యూషన్‌కు పోతుంది. నాలుగు గీతల పుస్తకంలో ఒకే అక్షరాన్ని రెండు పేజీలు దిద్దుతుంది. "ఏ ఫర్ ఆపిల్" అంటుంది. ఆ ఇంట్లోకి ఆపిల్ వచ్చేది ఎవరికైనా జ్వరం వచ్చినప్పుడే. పెరట్లో ఉన్న జామచెట్టు, సీతాఫలం చెట్టు ఏ అక్షరం కిందా రావు. పాప నేర్చుకున్న మొదటి పాట వానను "పో పో" అని తరిమే ఇంగ్లీషు పాట. బోర్లు ఎండి, మబ్బు కనబడితే చాలు అందరూ బయటికి వచ్చి నిలబడే ఊరు మాది. అలాంటి ఊళ్ళో బిడ్డకు వానను వెళ్ళగొట్టే పాట నేర్పి, చదువు వచ్చిందని చప్పట్లు కొడుతున్నాము.

ఇంకొక సంగతి. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. బిడ్డ పుట్టినప్పుడు అవి ఎముకలుగా ఉండవు, మెత్తని మృదులాస్థిగా ఉంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఒక్కొక్కటే గట్టిపడుతుంది. చివరిది గట్టిపడడం మొదలయ్యేసరికి బిడ్డకు ఎనిమిదేళ్ళు దాటుతాయి. అటువంటి చేతికి పెన్సిలు ఇచ్చి "గీత దాటకుండా రెండు పేజీలు రాయి" అంటున్నాము. నాలుగేళ్ళ చేతికి కావలసింది పిసకడం, ఏరడం, ఒలవడం, చించడం, అతికించడం. ఆ పనులతో వేళ్ళకు పట్టు వస్తే, పెన్సిలు పట్టుకోవడం తరువాత తేలికగా వస్తుంది.

ఇంట్లో సైన్సు ఎట్లా నేర్పుతారు, దానికి ల్యాబు కావాలి కదా అంటారు. మన వంటింట్లో ఏముందో ఒకసారి చూద్దాం.

పసుపు నీళ్ళలో కొంచెం సున్నం కలిపితే ఎర్రగా మారుతుంది. కొత్త పెళ్ళికూతురు గడప తొక్కేటప్పుడు మన అవ్వలు దిష్టి తీసేది ఈ నీళ్ళతోనే. ఆ ఎర్ర నీళ్ళలో నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపు రంగు వస్తుంది. పసుపు క్షారంలో ఎర్రబడుతుంది, ఆమ్లంలో పసుపుగానే ఉంటుంది. సూచికలు అనే పేరుతో మనం పై తరగతుల్లో చదివే పాఠం ఇదే. నేను తమ్ముని ముందు చేసి చూపించినాను. సున్నం కంట్లో పడితే ప్రమాదం, అందుకని అది నేనే కలిపినాను. నిమ్మచెక్క వాడు పిండినాడు. రంగు మారగానే "అక్కా, ఎరుపు ఎక్కడికి పోయింది?" అన్నాడు. నేను ఆమ్లం, క్షారం అని జవాబు చెప్పలేదు. "చింతపండు నీళ్ళు పోస్తే ఏమవుతుందో చూద్దామా?" అన్నాను. వేరే గిన్నెలో ఎర్ర నీళ్ళు కలిపి పోసి చూసినాము. ఇంకో గిన్నెలో పసుపు నీళ్ళకు సబ్బు నీళ్ళు కలిపి చూసినాము. చివరికి వాడే పులుపు వన్నీ ఒక పక్క, సున్నమూ సబ్బూ ఒక పక్క పెట్టినాడు. వస్తువులను గుణాన్ని బట్టి వేరు చేయడమే కదా సైన్సులో మొదటి మెట్టు! దానికి అయిన ఖర్చు ఒక నిమ్మకాయ.

డిసెంబరు, జనవరి నెలల్లో మన మొరసునాట్లో అనపకాయలు ఒలవని ఇల్లు ఉండదు. గింజలు నానబెట్టి, పితికి, పితుకుపప్పు చేస్తారు. నానకముందు గింజ ఎంత ఉంది, నానినాక ఎంత ఉంది? నీళ్ళు ఎక్కడికి పోయినాయి? వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో మిగిలి, పప్పు ఎగిరి పడుతుంది. చిన్న వేళ్ళకు ఇంతకంటే మంచి కసరత్తు ఉందా? పది గింజలకొక కుప్ప పెట్టిస్తే లెక్కలు. ఎండిన గింజలు నాలుగు తడిగుడ్డలో కట్టిపెడితే వృక్షశాస్త్రం. ముందు వేరు వస్తుంది, ఆ తరువాతే మొలక. గింజను ఎటు తిప్పిపెట్టినా వేరు కిందికే వంగుతుంది. మా తమ్ముడు ఒక గింజను కావాలనే తలకిందులుగా పెట్టినాడు. రెండు రోజుల తరువాత వేరు చుట్టు తిరిగి కిందికి వచ్చింది. "దానికి కింద ఎక్కడుందో ఎట్లా తెలుసు?" అని అడిగినాడు. పదో తరగతి పుస్తకం తీసి చూస్తే తప్ప నేను కూడా దానికి సరిగా జవాబు చెప్పలేని ప్రశ్న అది.

వాకిట్లో ఒక కర్ర నిటారుగా నాటండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం దాని నీడ కొసన ఒక్కొక్క రాయి పెట్టించండి. నీడ ఎప్పుడు పొడుగు, ఎప్పుడు పొట్టి అనేది బిడ్డకే తెలుస్తుంది. మన ప్రాంతానికి ఇంకో భాగ్యం కూడా ఉంది. హోసూరు దాదాపు 12.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల ఏటా ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో ఒకసారి సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. ఆ రోజు పన్నెండుంబావు దాటిన కాసేపటికి నిటారు కర్రకు నీడే కనబడదు. ఢిల్లీలో లక్షలు ఫీజు కట్టే బడిలో చదివినా ఈ వింత వాళ్ళ వాకిట్లో జరగదు, ఎందుకంటే కర్కటరేఖకు ఉత్తరాన సూర్యుడు ఎప్పుడూ నడినెత్తికి రాడు. మనకు ఉచితంగా వచ్చిన ఈ పాఠాన్ని వదిలి, ఆ సమయానికి బిడ్డను ఫ్యాను కింద కూర్చోబెట్టి "ఎస్ ఫర్ సన్" దిద్దిస్తున్నాము.

ఇక బొమ్మలు. అంగడిలో అమ్మే రంగుల పుస్తకంలో బొమ్మ ముందే అచ్చయి ఉంటుంది. బిడ్డ చేయాల్సింది గీత దాటకుండా రంగు నింపడం. అది బొమ్మ వేయడం కాదు, ఎవరో వేసిన బొమ్మకు కాపలా కాయడం. మన ఇళ్ళలో బొగ్గు ఉంది, ఎర్రమన్ను ఉంది, పసుపు ఉంది, చిక్కుడాకు పసరు ఉంది. పాత క్యాలెండరు వెనకవైపు తెల్లగా ఉంది. అమ్మ చుక్కలు పెట్టి ముగ్గు వేసేటప్పుడు ఎడమ పక్క ఏ వంపు వస్తే కుడి పక్క అదే వంపు వస్తుంది. గణితంలో సౌష్ఠవం అని మనం పెద్ద పేరుతో చదివేది రోజూ మన గడప ముందు ఉంది. వినాయక చవితికి చెరువు మట్టి తెచ్చినప్పుడు ఒక ముద్ద తమ్మునికి ఇచ్చినాము. వాడు ఆవును చేసినాడు. ఐదు కాళ్ళు ఉన్నాయి. "ఆవుకు ఐదు కాళ్ళు పెట్టినావేరా?" అని అవ్వ నవ్వింది. "అది తోక. నేలకు ఆనకపోతే ఆవు పడిపోతుంది" అన్నాడు. నిలబడే వస్తువుకు ఆధారం కావాలని వాడు మట్టితో కనిపెట్టినాడు. ఇదే బొమ్మను పరీక్షలో వేసి ఉంటే ఎర్ర ఇంకుతో కొట్టివేత పడేది.

మూడోది పుస్తకం. నాలుగేళ్ళ బిడ్డకు పుస్తకం చదవడానికి కాదు, వినడానికి. ఒళ్ళో కూర్చోబెట్టుకొని, బొమ్మ చూపించి, రాగం తీసి చదవాలి. తెలుగులో పిల్లల పుస్తకాలు మనకు ఎక్కడ దొరుకుతాయి, మనం ఉండేది తమిళనాడు కదా అని కొందరు అంటారు. వాళ్ళకు ఒక సంగతి గుర్తు చేస్తాను. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలు 1945లో మొదలుపెట్టిన "బాల" పత్రిక వచ్చింది మద్రాసు నుంచే. 1947 జూలైలో "చందమామ" పుట్టిందీ మద్రాసులోనే, దానితోపాటే తమిళంలో "అంబులిమామ" కూడా వచ్చింది. తెలుగు పిల్లల చదువు మనం పక్క రాష్ట్రం నుంచి అరువు తెచ్చుకున్నది కాదు. మన రాష్ట్ర రాజధాని నుంచే అది తెలుగువాళ్ళందరికీ పోయింది. పాత చందమామలు ఇప్పటికీ ఎందరి అటకల మీదో ఉన్నాయి. నేషనల్ బుక్ ట్రస్టు వేసిన బొమ్మల పుస్తకాలు తెలుగులో తక్కువ వెలకే దొరుకుతాయి.

మా అవ్వకు అక్షరాలు రావు. ఆమె దగ్గర పొడుపుకథలు మాత్రం యాభైకి తక్కువ లేవు. విప్పలేకపోతే వెంటనే జవాబు చెప్పదు. "రేపటిదాకా ఆలోచించు" అంటుంది. ఏ ట్యూషన్‌లోనైనా బిడ్డ జవాబు కోసం రేపటిదాకా ఆగుతారా?

ఇవన్నీ పదో తరగతి పిల్ల సొంత ఊహలని ఎవరూ తీసిపారేయవద్దు. మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరంలో తన మొదటి బాలల ఇంటిని తెరిచింది కూలీల పేటలో, పేద పిల్లల కోసం. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలంలో మన కొడైకెనాల్‌లో కూడా ఉండి పనిచేసింది. ఈరోజు ఆమె పేరు ఎంత ఫీజు ఉంటే అంత పెద్ద బోర్డు మీద కనబడుతోంది. గుజరాతులో గిజుభాయి బధేకా వకీలు పని వదిలి, 1920లో భావనగర్‌లో బాలమందిరం మొదలుపెట్టినాడు. కథలు, ఆటలు, చేతిపని ఆయన బోధన. ఆయన "దివాస్వప్న" తెలుగులో "పగటికల" పేరుతో వచ్చింది, ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ తప్పక చదవాలి. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 పల్లె బడుల్లో చేసి చూసే సైన్సు మొదలైంది. ఆ పనితో సంబంధమున్న అరవింద గుప్తా అగ్గిపుల్లలను సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి త్రికోణాలు, ఘనాలు చేయించినాడు. జపాను కథ "రైలుబడి"లో హెడ్మాస్టరు కొత్తగా వచ్చిన చిన్న పాప చెప్పే మాటలు నాలుగు గంటలు కూర్చొని విన్నాడు. మనం మన బిడ్డ మాట నాలుగు నిమిషాలు వింటున్నామా? వీళ్ళెవరూ డబ్బున్న పిల్లల కోసమే ఇది చెప్పలేదు.

ఇప్పుడు ఎదురు మాటలకు జవాబు చెబుతాను.

"మాకు తీరిక ఎక్కడుంది?" అంటారు. అనపకాయలు ఎట్లాగూ ఒలవాలి, బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని ఒలవండి. ట్యూషన్‌కు తీసుకుపోయి తీసుకువచ్చే సమయంలో ఒక కథ చదవవచ్చు. అయితే ఇందులో ఒక నిజం ఉంది. ఇంట్లో చదువు అనగానే ఆ పని అమ్మ మీద పడుతుంది. అమ్మకు కుదరకపోతే అక్క మీద పడుతుంది. మా అమ్మ పొద్దున ఏడు గంటలకు రోజాతోట పనికి పోతుంది. నాకు పబ్లిక్ పరీక్షలు ఉన్నాయి. అందుకని స్పష్టంగా చెబుతున్నాను: ఇది నాయనలు, చిన్నాయనలు, మామలు కూడా చేయాల్సిన పని. మా చిన్నాయన దగ్గర సైకిలు రిపేరు సామాను ఉంది. ఒక స్పానరు, నాలుగు నట్టులు తమ్ముని చేతికి ఇచ్చి, ఏ నట్టుకు ఏ స్పానరు పడుతుందో చూడమంటే చాలు. రాత్రి కథ నాయన చదవవచ్చు. మగవాళ్ళు తమ వంతు తీసుకోకపోతే నేను చెప్పేది ఆడపిల్లల నెత్తిన ఇంకో చాకిరీ అవుతుంది. దానికి నేను ఒప్పుకోను.

"ఇంగ్లీషులో వెనకబడతాడు" అంటారు. మా తమ్ముడు ఇంట్లో తెలుగు, ఎదురింటి పిల్లలతో తమిళం మాట్లాడుతాడు. సంతలో కన్నడం అర్థం చేసుకుంటాడు. ఒక్క భాషకూ నోటుబుక్కు కొనలేదు. పని ఉన్నచోట భాష వస్తుంది. వేరు కిందికి పోతుందని తెలిసిన బిడ్డకు "రూట్" అనే మాట ఒక్క రోజు పని. వేరును చూడని బిడ్డకు "రూట్" అనేది స్పెల్లింగు మాత్రమే.

"ఇంట్లో ఉంటే అదుపు రాదు" అంటారు. తడిగుడ్డలో కట్టిన గింజను గంటకొకసారి విప్పితే మొలక విరిగిపోతుంది. రెండు మూడు రోజులు ఆగాలి. ఆ ఆగడం నేర్చుకున్న బిడ్డకు బెత్తం చూపించి నేర్పాల్సిన అదుపు ఏముంది?

"అట్లయితే బడి ఎందుకు, పదో తరగతి వరకు ఇంట్లోనే పెట్టుకోండి" అని మామ ఎగతాళి చేసినాడు. పట్టణాల్లో అట్లా చేసే కుటుంబాలు కూడా ఉన్నాయి. మన ఇళ్ళకు అది సరిపోదు, నేను అడిగేదీ అది కాదు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు బడిని హక్కుగా ఇచ్చింది. ఆ హక్కు కోసం పెద్దలు ఎంత పోరాడినారో మనం మరువకూడదు. బడిలో వేరే ఇళ్ళ పిల్లలు, వేరే కులాల పిల్లలు పక్కన కూర్చుంటారు. మధ్యాహ్న భోజనం ఉంది. సూక్ష్మదర్శిని ఉంది, పటాలు ఉన్నాయి, తెలిసిన ఉపాధ్యాయులు ఉన్నారు. ఇవి ఇంట్లో రావు. అంగన్‌వాడీతో కూడా నాకు తగవు లేదు, అక్కడ బిడ్డకు తిండి, ఆట, తోడు దొరుకుతాయి. నా తగవంతా నాలుగేళ్ళకే పరీక్ష పెట్టే ఎల్.కె.జి.తో.

మన బడి సంగతి కూడా దీనితోనే ముడిపడి ఉంది. తెలుగు మీడియం బడులు ఎందుకు మూతపడుతున్నాయి అని వార్షికోత్సవంలో పెద్దలు బాధపడతారు. ఎవరో అధికారి ఒకరోజు వచ్చి తాళం వేస్తాడని మనం అనుకుంటాము. అది చివరి రోజు జరిగేది. మొదటి రోజు జరిగేది వేరు. నాలుగేళ్ళ బిడ్డను మనమే చెయ్యి పట్టుకొని పచ్చ వ్యాను ఎక్కిస్తాము. ఆ వ్యాను ఎక్కిన బిడ్డ ఒకటో తరగతికి మన బడికి తిరిగి రావడం నేను చూడలేదు. తెలుగు అక్షరం నేర్చుకోడు. అవ్వ పొడుపుకథ అడిగితే "బోర్" అంటాడు. ఆరేళ్ళు వచ్చేసరికి ఇంట్లో తెలుగు వినేవాడే తప్ప చదివేవాడు ఉండడు.

అందుకని అడుగుతున్నాను.

తల్లిదండ్రులారా, ఆ రెండేళ్ళు బిడ్డను ఇంట్లో ఉంచండి. ఎల్.కె.జి. ఫీజులో పదో వంతు పెట్టి పుస్తకాలు, కాగితాలు, ఒక భూతద్దం కొనండి.

ఉపాధ్యాయులారా, ఒకటో తరగతిలో చేర్చుకునేటప్పుడు ఏ బి సి డిలు అడగకండి. నెలకు రెండు శనివారాలు మన గ్రంథాలయం తలుపు తెరిచి, ఆరేళ్ళలోపు పిల్లలను, వాళ్ళ ఇంటి పెద్దలను రానివ్వండి. పుస్తకాలు ఇంటికి ఇవ్వండి. చిరిగితే మేము అతికించి ఇస్తాము.

తోటి విద్యార్థులారా, తొమ్మిది, పది తరగతుల అబ్బాయిలూ అమ్మాయిలూ వారానికి ఒక్కరోజు మీ వీధిలో ఒక చిన్న బిడ్డకు ఒక తెలుగు కథ చదివి వినిపించండి. మనం చదవకపోతే ఆ కథలు చదివేవాళ్ళు ఈ ఊళ్ళలో ఇంకెవరున్నారు?

చివరిగా మా చిన్నాయనకు, మా మామకు ఒక మాట. ఈ పత్రిక మీ చేతికి వస్తుందని తెలిసే రాసినాను. జూన్‌లోపల ఏప్రిల్ 24 వస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం మా వాకిట్లో కర్ర నాటుతాము, తప్పకుండా రండి. తమ్ముణ్ణి ఏ బి సి డి అడగకండి. నీడ ఎక్కడికి పోయిందని అడగండి. వాడు చెప్పేది పూర్తిగా విన్న తరువాత, వ్యాను డబ్బు కట్టాలో వద్దో అప్పుడే మాట్లాడుకుందాం.

— పదవ తరగతి విద్యార్థిని